హోంకు కొత్తగా వచ్చిన బిడ్డను ఎలా చూసుకోవాలి: మొదటి గంట నుంచి ఇంటికి పంపే వరకు

విశాఖపట్నంలోని పిల్లల హోమ్‌లలో హౌస్ మదర్లుగా, వార్డెన్లుగా, రాత్రి డ్యూటీ ఆయాలుగా పనిచేసేవారు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. దెబ్బలు తిని, లేదా అంతకంటే ఘోరమైనది అనుభవించి వచ్చిన బిడ్డ చేత జరిగిందంతా ఎప్పుడు చెప్పించాలి, చెప్పుకుంటే మనసు తేలికపడుతుంది కదా అని వారు అడుగుతారు. చెప్పించే పని మీది కాదన్నదే నా సమాధానం. కౌన్సెలర్ వారానికి ఒక గంట చూస్తారు. మిగిలిన గంటలన్నిటిలో అన్నం పెట్టేది, నిద్రపుచ్చేది, జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూసేది మీరే. బిడ్డ కోలుకోవడం ఎక్కువగా ఆ గంటల్లోనే జరుగుతుంది కనుక, వాటిని ఎలా నడపాలో వరుసగా రాస్తున్నాను.

ఇది జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ కింద నమోదైన హోమ్‌లలో పనిచేసేవారి కోసం రాసినది. మీరు హోం సిబ్బంది కాక, హింసకు గురవుతున్న బిడ్డ గురించి తెలిసిన బంధువో, పొరుగువారో అయితే, బిడ్డను మీరే తీసుకెళ్లి ఏదో ఒక హోంలో దింపి రావద్దు. 1098కి ఫోన్ చేయండి. అది రాత్రీ పగలూ పనిచేసే ఉచిత నంబరు. రక్షణ అవసరమైన బిడ్డను ప్రయాణ సమయం కాకుండా 24 గంటల్లోగా సీడబ్ల్యూసీ అని అందరూ పిలిచే బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి, ఎక్కడ ఉంచాలో ఆ కమిటీయే నిర్ణయించాలి. 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి విశాఖ జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయినందువల్ల, బిడ్డ ఊరు ఏ జిల్లా కిందకు వస్తుందో తెలియక ఆగిపోయేవారు ఉన్నారు. పరిధి సంగతి అధికారులు తేల్చుకుంటారు, మీరు మాత్రం ఫోన్ ఆపవద్దు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- సీడబ్ల్యూసీ ఉత్తర్వు ప్రతి, వైద్య పరీక్ష కాగితాలు, వాటిని తాళం వేసి ఉంచడానికి బీరువా. ఆ తాళం ఎవరి దగ్గర ఉంటుందో పేరుతో సహా రాసి ఉండాలి.
- పగటికి ఒకరు, రాత్రికి ఒకరు చొప్పున ఆ బిడ్డకు కేటాయించిన పెద్దలు. కనీసం మూడు నెలలు వీరిని మార్చకూడదు.
- గోడ పక్కగా, తలుపు కనిపించేలా వేసిన మంచం, రబ్బరు షీటు, అదనంగా రెండు దుప్పట్లు, రాత్రంతా వెలిగే చిన్న లైటు.
- బిడ్డ సొంతానికి తాళం ఉన్న చిన్న ట్రంకు పెట్టె, బకెట్టు, మగ్గు, సబ్బు, తువ్వాలు, చెప్పులు. ఇవి మరొకరు వాడి వదిలేసినవి కాకూడదు.
- వేరుశెనగ ఉండలు, అటుకులు, అరటిపండ్ల వంటి, అడగకుండానే తీసుకోగలిగిన తినుబండారాలు.
- రోజూ నాలుగు వాక్యాలు రాయడానికి ఒక నోటుపుస్తకం.
- గోడ మీద ఫోన్ నంబర్లు: 1098, అత్యవసరానికి 112, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416, డీసీపీయూ అనే జిల్లా బాలల పరిరక్షణ విభాగం, కేజీహెచ్ అనే కింగ్ జార్జ్ ఆసుపత్రి, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల.

1. బిడ్డ రాకముందే కాగితాలు చదవండి

ఉత్తర్వులో మీకు అవసరమైనవి నాలుగే. ఎవరిని కలవనివ్వకూడదు, కేసు పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద ఉందా, మందులేమైనా వాడుతోందా, ఏ భాష మాట్లాడుతుంది. చివరిదాన్ని తేలికగా తీసుకోవద్దు. విశాఖ రైల్వే స్టేషన్‌లో దొరికే పిల్లల్లో ఒడియా, హిందీ తప్ప మరొకటి రానివారుంటారు, పాడేరు, అరకు కొండల నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో కువి భాషో, ఆదివాసీ ఒడియానో మాట్లాడతారు. అటువంటప్పుడు ఆ భాష తెలిసిన పెద్దవారిని డీసీపీయూ ద్వారా పిలిపించుకోవాలి. హోంలోని మరో పిల్లను దుబాసీగా కూర్చోబెడితే, వినకూడని మాటలు ఆ పిల్ల వింటుంది, రేపటికల్లా అవి హోమంతా తెలుస్తాయి.

జాగ్రత్త: లైంగిక దాడి ఇటీవల జరిగిందని తెలిస్తే, వైద్య పరీక్ష పూర్తయ్యే వరకు బిడ్డకు స్నానం చేయించవద్దు, ఒంటి మీది బట్టలు ఉతకవద్దు. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు, ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. గర్భం రాకుండా ఇచ్చే అత్యవసర మాత్ర కూడా అంతే. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి, బిడ్డ నమ్మే మనిషి పక్కన ఉండాలి. ఎఫ్ఐఆర్ కాగితం తెస్తేనే అత్యవసర చికిత్స చేస్తామని ఏ ఆసుపత్రీ అనకూడదు, ప్రైవేటు ఆసుపత్రి అయినా డబ్బు అడగకూడదు.

2. మొదటి గంట

గేటు దగ్గరకు ఒక్కరే వెళ్లండి. మిగిలిన పిల్లలూ సిబ్బందీ గుమిగూడి చూడటం బిడ్డకు మరో విచారణలా తోస్తుంది. కూర్చుని, మీ కళ్లు బిడ్డ కళ్ల కంటే పైన ఉండకుండా చూసుకుని, మీ పేరు చెప్పండి. "నా పేరు ఫలానా. నన్ను అక్కా అని పిలవచ్చు. ముందు ఏమైనా తిందాం, తర్వాత నీ మంచం చూపిస్తాను" అంటే చాలు. వేడి అన్నమో, చోడి జావో, బిడ్డ తినగలిగింది పెట్టండి. తర్వాత ఇల్లంతా తిప్పి చూపించండి. బాత్‌రూమ్ గడియ ఎలా పడుతుంది, లోపలి నుంచి ఎలా తీయాలి, లైటు స్విచ్ ఎక్కడ, రాత్రి మీరు ఏ గదిలో పడుకుంటారు, మెలకువ వస్తే ఎవరిని లేపాలి అన్నవి మాటలతో సరిపెట్టకుండా బిడ్డ చేతనే చేయించి చూడండి.

రాగానే జుట్టు కత్తిరించడం, తెచ్చుకున్న బట్టలు పారేయడం మన హోమ్‌లలో పాత అలవాటు. పేలు ఉంటే మందు రాయవచ్చు, దువ్వవచ్చు. ఆ చిరిగిన చున్నీ అమ్మది కావచ్చు. సాక్ష్యంగా పోలీసులకు ఇవ్వవలసినది కాకపోతే, ఉతకాలా వద్దా అని బిడ్డనే అడిగి ట్రంకులో పెట్టనివ్వండి.

3. అడగవద్దు. చెబితే వినండి

"ఎవరు కొట్టారు? ఎక్కడ పట్టుకున్నాడు? మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నవి ప్రేమతో అడిగినా గాయాన్ని రేపే ప్రశ్నలే. పైగా మీ ప్రశ్నల్లోని మాటలు బిడ్డ వాంగ్మూలంలోకి చేరితే, కోర్టులో ఎవరో నేర్పి చెప్పించారన్న వాదనకు చోటిచ్చినట్లవుతుంది. పోక్సో కేసులో వాంగ్మూలం తీసుకునే పద్ధతి చట్టంలోనే ఉంది. బిడ్డ ఉండే చోటనే, వీలైనంత వరకు ఎస్ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వచ్చి రాసుకోవాలి. యూనిఫాంలో వస్తే మర్యాదగా గుర్తుచేయండి.

బిడ్డ తనంతట తాను చెప్పిన రోజు మాత్రం చేతిలో పని పక్కన పెట్టి వినండి. ఇటువంటివి పళ్లెం కడుగుతున్నప్పుడో, జడ వేయించుకుంటున్నప్పుడో, ముఖాలు ఎదురెదురుగా లేనప్పుడే ఎక్కువగా బయటపడతాయి. అప్పుడు మూడు మాటలు చాలు: "నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. ఇందులో నీ తప్పు లేదు. నిన్ను కాపాడవలసిన వాళ్లకు మాత్రమే ఇది చెబుతాను." ఎవరికీ చెప్పనని ఒట్టు వేయవద్దు, ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. తర్వాత బిడ్డ వాడిన మాటలను వాడినట్లే, తేదీ, సమయంతో రాసి సూపరింటెండెంట్‌కు ఇవ్వండి. అది కొత్త నేరమైతే పోలీసులకు తెలియజేయడం పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి, చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉంది. నేరం చేసినవాడు హోం సిబ్బందిలోనే ఒకడైతే, దాచిపెట్టిన బాధ్యుడికి ఏడాది వరకు పడుతుంది. హోం పేరు పోతుందన్న భయంతో "లోపలే సర్దుకుందాం" అనేవారి మాట వినవద్దు.

4. రాత్రులు

మొదటి నెలలో కష్టమంతా రాత్రుల్లోనే ఉంటుంది. చాలామందికి హింస మంచం మీదనే, దీపం ఆర్పాకనే జరిగి ఉంటుంది కనుక, నిద్రపొమ్మని గదమాయించడం పనిచేయదు. పడుకునే ముందు రోజూ ఒకే వరుస పాటించండి: కాళ్లు కడుక్కోవడం, నీళ్లు తాగడం, తలుపు గడియ బిడ్డ చేత చూపించడం, చిన్న కథ, లైటు తగ్గించడం. నెల గడిచినా ఆ వరుస మారకూడదు.

కలత నిద్రలో అరిస్తే ఒంటి మీద చెయ్యి వేసి కుదపవద్దు. మంచానికి కాళ్ల వైపు నిలబడి, పేరు పెట్టి పిలిచి, "నువ్వు విశాఖలో ఉన్నావు, హోంలో ఉన్నావు, నేను అక్కను, తలుపు వేసే ఉంది" అని నెమ్మదిగా రెండు మూడు సార్లు చెప్పండి. కళ్లు తెరిచాక నీళ్లు ఇవ్వండి. ఏం కల వచ్చిందని అడగవద్దు.

పక్క తడిపితే దుప్పటి మార్చి, పొడి బట్టలు ఇచ్చి, ఆ సంగతి అక్కడితో వదిలేయండి. పదేళ్లు దాటిన పిల్లలు కూడా తడుపుతారు. మిగిలిన పిల్లల ముందు దుప్పటి ఆరేయించడం, రాత్రి నీళ్లు మాన్పించడం వంటివి చేస్తే అది మరింత పెరుగుతుంది. రెండు నెలలు దాటినా తగ్గకపోయినా, మూత్రానికి వెళ్లినప్పుడు మంట ఉన్నా డాక్టరుకు చూపించండి.

5. తిండి

ఒక పాప దిండు గలీబులో మూడు ఇడ్లీలు దాచుకుంది. మంచం కోడు పట్టుకుని పైకి పాకిన చీమల బారు చూసిన ఆయా గలీబు విప్పి, అందరి ముందూ దొంగ అనబోయి ఆగి, మూత ఉన్న స్టీలు డబ్బా తెచ్చి, "దీంట్లో పెట్టుకో, చీమలు పట్టవు, పొద్దున్నే కొత్తవి వేస్తాను" అంది. చేయవలసిన పని సరిగ్గా ఇదే. ఆకలితో పెరిగిన బిడ్డకు రేపు అన్నం ఉంటుందన్న నమ్మకం మాట చెబితే రాదు, రోజూ పొద్దున్నే డబ్బా నిండుతూ ఉంటే వస్తుంది. దాచుకోవడం కొన్ని వారాల్లో తగ్గుతుంది. తప్పు చేస్తే టిఫిన్ లేదనడం, వంటగదికి తాళం వేస్తానని బెదిరించడం ఎప్పుడూ చేయవద్దు.

6. రేపు ఏం జరుగుతుందో ఈ రోజే చెప్పండి

హఠాత్తుగా వచ్చిపడేదే ఈ పిల్లలను ఎక్కువగా బెదరగొడుతుంది. లేవడం, టిఫిన్, బడి, ఆట, చదువు, భోజనం, నిద్ర అన్నీ బొమ్మలతో ఒక బోర్డు మీద రాసి పెట్టండి. ఎవరైనా సెలవు పెడితే ముందు రోజే చెప్పండి. కోర్టు వాయిదా ఉంటే, కేసులో బిడ్డకు తోడుగా ఉండేందుకు సీడబ్ల్యూసీ నియమించిన సహాయక వ్యక్తి వచ్చి ఏ గదిలో కూర్చోవాలి, నిందితుడు ఎదురుపడకుండా ఎలా చూస్తారు అన్నది వివరించేలా చేయండి.

మన ఊరికి ప్రత్యేకమైన సంగతి ఒకటి చెప్పాలి. ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలకు ముందు రిహార్సళ్లు జరిగే రోజుల్లో యుద్ధ విమానాలు ఇళ్ల మీదుగా దూసుకుపోతాయి. దీపావళి ఉండనే ఉంది. తుపాను హెచ్చరికలు వచ్చినప్పుడు కిటికీలు కొట్టుకుంటూ, కరెంటు పోయి, పెద్దవాళ్లు కంగారుగా తిరుగుతూ ఉంటారు. ఆ శబ్దం ఎప్పుడు, ఎందుకు వస్తుందో ముందే చెప్పి, లోపలి గదిలో పాటలో, క్యారమ్సో పెట్టుకుంటే బిడ్డ తట్టుకుంటుంది.

7. కోపం కట్టలు తెంచుకున్నప్పుడు, బిగుసుకుపోయినప్పుడు

ముందు మీరు రెండు అడుగులు వెనక్కి వేసి, గొంతు తగ్గించండి. తలుపుకు అడ్డంగా నిలబడవద్దు. మిగిలిన పిల్లలను మరో గదికి పంపండి. మాటలు తక్కువగా ఉండాలి. తడి తువ్వాలు ఇవ్వడం, పాదాలు నేలకు ఆనించి కూర్చోమనడం, గదిలో కనిపిస్తున్న ఐదు వస్తువుల పేర్లు మీరూ కలిసి చెప్పడం వంటివి ఒంటిని శాంతపరుస్తాయి, ఒళ్లు శాంతించాకే బుద్ధి మాట వింటుంది. నీతులు, క్షమాపణలు, పగిలిన కిటికీ సంగతి గంట తర్వాత చూసుకోవచ్చు.

కొట్టడం, గదిలో పెట్టి గడియ వేయడం, తల్లితో ఫోన్ మాటలు ఆపడం శిక్షలుగా వాడకూడదు. హోంలో శారీరక దండన జువెనైల్ జస్టిస్ చట్టం 82వ సెక్షన్ కింద నేరం.

ఇంతకంటే కనిపెట్టడం కష్టమైనది మరొకటి ఉంది. అసలు గొడవే చేయని బిడ్డ, చెప్పినదల్లా చేసి, ఎవరు ఎత్తుకున్నా చేతులు చాచి, పిలిస్తే ఒక క్షణం ఎక్కడో ఉన్నట్లు శూన్యంలోకి చూసే బిడ్డ. "బంగారు తల్లి, ఏ బాధా లేదు" అని మనం మరిచిపోయేది ఇటువంటి పిల్లలనే. నోటుపుస్తకంలో వీరి గురించి మరింత శ్రద్ధగా రాయండి.

చనిపోతానన్నా, చేతులు కోసుకున్నా తెల్లారే దాకా ఆగవద్దు. ఒక పెద్దవారు పక్కనుండి కదలకుండా, చాకులు, మందులు, తాళ్లు అందకుండా తీసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

8. ఒంటిని తాకే విషయాలు

తల దువ్వడానికైనా ముందు అడగండి, వద్దంటే ఆగండి. స్నానానికి భయపడే పిల్లలుంటారు. తలుపు ఓరగా తెరిచి, మీరు బయట స్టూలు వేసుకుని అటు తిరిగి కూర్చుని మాట్లాడుతూ ఉంటే, మొదట బట్టలతోనే నీళ్లు పోసుకున్న బిడ్డ నెమ్మదిగా తానే గడియ వేసుకుంటుంది. వయసుకు మించిన లైంగిక చేష్టలు చేస్తే ఛీ అనవద్దు. "ఇది నీ ఒళ్లు, అది తన ఒళ్లు, ఇక్కడ ఎవరూ ఎవరినీ అలా తాకరు" అని మామూలు గొంతుతో చెప్పి, పడక దూరం చేసి, కౌన్సెలర్‌కు తెలియజేయండి. ఏ పెద్దవారూ ఏ బిడ్డతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదన్న నియమం సూపరింటెండెంట్‌కు కూడా వర్తించాలి.

9. చికిత్స

కేజీహెచ్ మానసిక విభాగంలోనూ, చినవాల్తేరు ఆసుపత్రిలోనూ డాక్టర్లున్నారు. ఊళ్లోవాళ్లు దాన్ని పిచ్చాసుపత్రి అంటారు కనుక బిడ్డ ఆ మాట బయట వినకముందే, "నిద్ర పట్టని వాళ్లకు, భయం వేసే వాళ్లకు మందిచ్చే చోటు" అని మీరే చెప్పండి. పిల్లల మనసు గాయాలకు బాగా పరీక్షించి చూసిన పద్ధతి ట్రామా ఫోకస్డ్ సీబీటీ అనే మాటల చికిత్స. అది సాధారణంగా 12 నుంచి 16 సెషన్లు ఉంటుంది, అందులో సంరక్షకులకు కూడా పాత్ర ఉంటుంది. అటువంటి శిక్షణ ఉన్నవారు దొరకకపోతే బొమ్మలు గీయించడం, ఆటలాడించడం ద్వారా పనిచేసే కౌన్సెలర్ అయినా ఫరవాలేదు, అయితే మనిషి మారకుండా రావాలి. బిడ్డ అల్లరి తగ్గి హోం ప్రశాంతంగా ఉండాలని మత్తు మందులు రాయించుకోవద్దు, డాక్టరు రాసినవి ఇష్టం వచ్చినట్లు ఆపవద్దు.

10. దాతలు, పుట్టినరోజు భోజనాలు

విశాఖలో ఇది బాగా పెరిగింది. కేకు, బిర్యానీ తెచ్చి, పిల్లలను వరుసగా నిలబెట్టి, ఫొటోలు తీసి సాయంత్రానికల్లా వాట్సాప్‌లో పెడతారు. వారి మనసు మంచిదే. కానీ బిడ్డ ముఖం, పేరు, హోం ఏదో తెలిసేలా బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం, ఆ ఫొటో చూసి నిందితుడి మనుషులు గేటు దగ్గరకు రాగలరు. అంతకన్నా నన్ను బాధించేది, రెండు గంటలు ఒళ్లో కూర్చోబెట్టుకుని, మళ్లీ వస్తామని చెప్పి రాని మనుషుల వరుస. ఫోన్లు ఆఫీసు గదిలో పెట్టించండి, భోజనం వంటగదికి అందించమనండి, కథ అడగనివ్వవద్దు. నిజంగా సాయం చేయాలనుకునే వారిని ఏడాది పాటు ప్రతి వారం ఒకే రోజున వచ్చి పిల్లలకు లెక్కలు నేర్పమనండి.

పని జరుగుతోందో లేదో ఎలా చూసుకోవాలి

మార్కులు, క్రమశిక్షణ కొలతలు కావు. నోటుపుస్తకంలో ఇవి వెతకండి: ఏడవకుండా నిద్రపోయిన రాత్రులు పెరిగాయా, కోపం వచ్చినప్పుడు సర్దుకోవడానికి పట్టే సమయం తగ్గిందా, డబ్బాలో ఇడ్లీ మిగిలిపోతోందా, దెబ్బ తగిలితే మీ దగ్గరకు వచ్చి చూపిస్తోందా, మీతో "నాకొద్దు" అనగలుగుతోందా. చివరిది చాలామందికి పొగరుగా కనిపిస్తుంది. ఇన్నాళ్లూ వద్దనడానికి వీల్లేని చోట బతికిన బిడ్డ మీ ముందు వద్దంటోందంటే మిమ్మల్ని నమ్మినట్లే.

కోర్టు వాయిదా, ఇంటివారి రాక, హింస జరిగిన నెల తిరిగి రావడం వంటివి వచ్చినప్పుడు రెండు మూడు వారాలు వెనక్కి పోవడం మామూలే, చేసిన పని వృథా అయిందనుకోవద్దు. మూడు నెలలు గడిచినా ఏ ఒక్కటీ కదలకపోతే, వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికను డాక్టరుతో, కేస్ వర్కర్‌తో కూర్చుని మళ్లీ రాయించండి. బిడ్డకు కేటాయించిన పెద్దవారు అలసి, నిద్ర పట్టక, చీటికీ మాటికీ విసుక్కుంటుంటే అది కూడా రాయాలి, వారికి సెలవు ఇప్పించాలి. మానేసి వెళ్లేవారు చెప్పకుండా మాయం కాకుండా, ముందే చెప్పి, వీడ్కోలు తీసుకుని వెళ్లాలి.

11. ఇంటికి పంపేటప్పుడు

చట్టం దృష్టిలో హోం చివరి మార్గం. హింసించిన మనిషి లేని ఇల్లు, అమ్మమ్మో, మేనమామో, పెద్దమ్మో ఉంటే అక్కడికి పంపే ఆలోచన మొదటి నెలలోనే మొదలవ్వాలి. ఇంటి పరిస్థితి మీద 15 రోజుల్లో సామాజిక దర్యాప్తు నివేదిక రావాలి. డబ్బు లేకనే వెనకాడే బంధువులకు మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉందని చెప్పి, డీసీపీయూలో దరఖాస్తు పెట్టించండి. మొదట ఒక పూట, తర్వాత ఒక రాత్రి, ఆపై వారాంతం పంపి చూడటానికి కమిటీ అనుమతి తీసుకోండి. తిరిగి వచ్చాక రెండు రోజులు నిద్ర, తిండి, పక్క తడపడం గమనించి రాయండి. వెళ్లనని బిడ్డ అంటే ఆ మాట మీ సొంత వ్యాఖ్య కలపకుండా కమిటీకి చేరవేయండి.

వెళ్లాక మొదటి మూడు నెలలు ప్రతి వారం ఫోన్ చేయండి. పక్కన ఎవరైనా ఉంటే బిడ్డ నిజం చెప్పలేదు కనుక, అవును, కాదు అంటే సరిపోయే ప్రశ్నలు ముందే అనుకుని ఉంచండి, "పెన్సిల్ బాక్సు పోయింది" వంటి ఒక గుర్తు మాట ఇచ్చి పంపండి. ఆ మాట వినిపించినా, వరుసగా రెండు వారాలు ఫోన్ బిడ్డకు ఇవ్వకపోయినా, అదే రోజు డీసీపీయూకు చెప్పి, ఇంటికి మనిషిని పంపించండి.